ఎఫ్5 నొక్కితే

మా ఆయనకు ఇల్లూ, నేనూ ఆ తర్వాతే. ముందు ఆయన సొంతంగా రాసుకున్న కంప్యూటర్ ప్రోగ్రాం. మా కళ్లద్దాల షాపు లెక్కలన్నీ అందులోనే. బూడిదరంగు తెర, ఎఫ్5 నొక్కితే సేవ్. ఇన్నేళ్లూ దాన్ని చూసుకునే మురిసిపోయారు.

మొన్న మా తమ్ముడు, వెబ్‌సైట్లు కట్టే పద్ధతిలోనే ఓ కొత్త ప్రోగ్రాం చేసి మా కంప్యూటర్లో పెట్టాడు. ముచ్చటగా ఉందన్నాను. అదే నేను చేసిన పాపం.

"దాని పొట్టలో ఉన్నది బ్రౌజరే. వేషం వేసుకున్న వెబ్ పేజీ," అన్నారు ఆయన. అన్నం దగ్గరా అదే గొణుగుడు, పడుకున్నాకా అదే. వెబ్ పేజీ అయితే ఆగిపోవాలని ఇంటర్నెట్ వైరు పీకి చూశారు. అయినా అది నిక్షేపంగా నడిచింది. ఆయన మొహం మాడిపోయింది.

మర్నాడు కూనిరాగాలు తీస్తూ లేచారు. బ్రౌజర్లో ఎఫ్5 నొక్కితే పేజీ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుందట. నేను అలవాటుగా నొక్కుతానట, నింపిందంతా గంగలో కలుస్తుందట.

"మీవాడికి చెప్పకు," అన్నారు.

షాపులో నా వెనకే నిలబడ్డారు. పక్కనే తమ్ముడు. ఒకావిడ అద్దాల పవర్ నింపి, ఎఫ్5 నొక్కాను. బుద్ధిగా సేవ్ అయింది.

"అక్క చెయ్యి మీ ప్రోగ్రాంకే అలవాటు పడింది కదా బావా. అందుకే ఇందులోనూ ఎఫ్5కి సేవే పెట్టాను," అన్నాడు తమ్ముడు.

ఆయన ఇప్పటికీ వాడితో సరిగ్గా మాట్లాడరు. వాడు తప్పు చేసి ఉంటే ఈపాటికి క్షమించేసేవారు.