రెండూ ఒకే ఒంట్లోకి

ఉన్నదాన్ని ఇద్దరు పంచుకోవడం తప్పెలా అవుతుంది? కర్నూలు క్షయ ఆసుపత్రి డాక్టరమ్మను నేనడిగిన ప్రశ్న ఇది.

క్షయకు వేసే స్ట్రెప్టోమైసిన్ సూది మాకు కొత్తగా వచ్చిన రోజులవి. సూది వేశాక, ఇంట్లో నీళ్లలో కలుపుకొని తాగమని డాక్టరమ్మ అదే రోగానికి చేదు మందుపొడి కూడా ఇచ్చేది. మా అన్నకు మందు తేవడానికి నేను వెళ్లిన రోజు ఆమె, డోన్ వైపు నుంచి వచ్చిన రైతునొకణ్ణి, "పొడి తాగుతాండావా అప్పా?" అని అడిగింది.

"మా ఆడమనిషికీ ఇదే దగ్గమ్మా. సూది నాకు, పొడి ఆమెకు."

అది న్యాయమేనని నేను వాదించాను. డాక్టరమ్మ తన అలవాటు చొప్పున రెండు చేతుల వేళ్లనూ పెనవేసి చూపింది.

"అన్నమైతే పంచుకోండి నాయనా. సూదికి చావని క్రిమిని పొడి చంపాల, పొడికి చావనిదాన్ని సూది చంపాల. విడదీస్తే ఇద్దరి ఒంట్లోనూ మొండివే మిగిలి పెరుగుతాయి. అప్పుడు నాకాడ మందుండదు."

రైతు బెదిరిపోయాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆమెనూ పిల్చుకోని రాప్పా, ఇద్దరికీ రెండూ ఇస్తా."

నేను మళ్లీ ఆసుపత్రికి వెళ్లేసరికి ఆలుమగలు పక్కపక్కనే కూర్చుని పొడి తాగుతున్నారు. "ఇన్నాళ్లూ ఈ చేదంతా నాకే తాపినావు గదా!" అని భార్య దెప్పుతుంటే డాక్టరమ్మ పకపకా నవ్వింది. నెలల తరబడి రెండు మందులూ వాడాక, ఇప్పుడు ఇద్దరూ కోలుకొని చేను చూసుకుంటున్నారు.

మీ ఇంటికీ ఇలా రెండు మందులు వస్తే, దయచేసి వాటిని విడదీయకండి. దగ్గుతున్న రెండో మనిషినీ ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్లండి.