ఆపేసిన మాత్రలు

మోటార్లకు రాగి తీగ చుట్టే ఆ మేస్త్రి వేళ్లను వార్నిష్ వాసన ఎప్పుడూ వదలదు. చుట్టడం పూర్తయ్యాక మోటారు తిప్పి, చెవి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు వింటాడు. గొణుగుడు వినిపించకపోతే మూత బిగిస్తాడు. ఇక దాని జోలికి పోడు. తన ఒంటినీ అలాగే చూశాడు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు తొమ్మిది వందలు దాటితే డాక్టరు మాత్రలు రాశాడు. మూడు నెలలకు అది నూట నలభైకి దిగింది. ఆ రోజే మాత్రలు మానేశాడు. నాలుగు నెలల తర్వాత, ఒక మధ్యాహ్నం, పాత చీటీ పట్టుకుని మందుల షాపుకు వచ్చాడు. కొత్త రిపోర్టులో అంకె వెయ్యి దాటింది.

"ఇన్నాళ్లూ వాడలేదా బాబాయ్?" అంది షాపు అమ్మాయి.

"బాగైపోయింది కదమ్మా. బాగైన మోటారును మళ్లీ విప్పేవాడు మేస్త్రే కాదు."

"అది బాగవడం కాదు. మాత్ర అణిచిపెట్టింది, అంతే. ఈ చీటీకి గడువు తీరింది. సాయంత్రం డాక్టరు వస్తారు, తప్పకుండా కలవండి. ఇది ఆషామాషీ కాదు."

"మళ్లీ ఎన్నాళ్లు వేసుకోవాలి?"

"ఆయన చెబుతారు. బహుశా ఉన్నన్నాళ్లూ."

మేస్త్రి చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు. భార్య కంచం ముందు పెట్టి, "మాత్ర వేసుకున్నావా?" అంది. నాలుగు నెలలుగా రోజూ "ఊఁ" అంటూ వచ్చినవాడు, ఆ పూట కొత్త రిపోర్టు తీసి కంచం పక్కన పెట్టాడు.