లారీకి బుర్ర మార్చిన సంగతి

నాచారం పారిశ్రామికవాడలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను పదకొండేళ్లు డిస్పాచ్ గుమస్తాగా పనిచేశాను. పెట్టెలు లారీ ఎక్కించడం, చలాన్ రాయడం, డ్రైవర్ చేత సంతకం పెట్టించుకోవడం నా పని. కృష్ణా జిల్లా నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చినవాణ్ని. ఓనర్ తర్వాత ఆ కంపెనీలో ఇంగ్లీషు తడుముకోకుండా చదవగలిగింది నేనొక్కణ్నే. ఆ సంగతి ఎవరూ మరిచిపోకుండా మసలుకునేవాణ్ని కూడా.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో మా ఓనర్ ఏదో వేలంలో ఒక పాత లారీ కొన్నాడు. మా మిగతా బండ్లలో లైటుకో స్విచ్చు, స్విచ్చుకో వైరు. ఇందులో అలా కాదు. లైట్లు, హారన్, వైపర్లు, ఇండికేటర్లు, తలుపుల తాళాలు, అన్నీ డాష్‌బోర్డు కింద ఉన్న ఒక నల్ల డబ్బా చెప్పినట్టు వింటాయి. దాని పేరు బాడీ కంట్రోల్ మాడ్యూల్ అని బండితో వచ్చిన లావుపాటి పుస్తకంలో ఉంది. ఓనర్ ఆ పుస్తకం నా చేతికిచ్చి, "నువ్వు చదివి వాళ్లకి అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు. నేను నాలుగు పేజీలు చదివి, నలిగిపోతుందని సొరుగులో పెట్టి తాళం వేశాను.

ఆ బండి నడిపే డ్రైవర్‌ది జనగామ వైపు. యాభై దగ్గర పడ్డ మనిషి, ఉప్పల్‌లో అద్దెకుండేవాడు. నేను అతన్ని అన్నా అనేవాణ్ని, అతను నన్ను సార్ అనేవాడు. పొద్దున్నే వచ్చి క్యాబిన్ లోపల పొడిగుడ్డతో తుడుచుకునేవాడు. అది నాకు చాలలేదు. ప్రతి వాహనం లోపలా బయటా నీళ్లతో కడగాలని ఇంగ్లీషులో ఒక నోటీసు టైపు చేసి గేటు దగ్గర అంటించాను. ఎవరికీ అర్థం కాకపోతే నేనే చదివి వినిపించాను.

"లోపట నీళ్లెందుకు సార్? గుడ్డతోని తుడుస్తున్న గద" అన్నాడు డ్రైవర్.

"రూలంటే రూలే అన్నా" అన్నాను.

అతను వెళ్లి పైపు తెచ్చుకున్నాడు.

రెండు నెలలు గడిచాక లారీ బుద్ధి మారింది. ఎడమవైపు ఇండికేటర్ వేస్తే వైపర్లు తిరిగేవి. బ్రేకు తొక్కితే హారన్ మోగేది. ఒక్కోసారి ఊరికే ఉన్న బండి టపటపమని తలుపులకి తాళాలు వేసుకుని మళ్లీ తీసుకునేది. డ్రైవర్ ముందు అద్దానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. నేను నవ్వి, "ఎక్కడో వైర్లు కలిసుంటాయి" అన్నాను. నిజానికి ఆ విషయంలో నిమ్మకాయలకు తెలిసినంతే నాకూ తెలుసు.

ఆ వారంలోనే అన్నోజిగూడలో మా పెట్టెలు కొనే ఒక పార్టీకి సరుకు పంపాల్సి వచ్చింది. పోయినసారి పెట్టెలు తడిగా వచ్చాయని వాళ్లు గొడవ పెట్టారు కాబట్టి సర్దిచెప్పడానికి నేనూ లారీ ఎక్కాను. ఉప్పల్ చౌరస్తా చేరేసరికి రాస్తారోకో. జెండాలు, డప్పులు, రోడ్డుకి అడ్డంగా కూర్చున్న వందలమంది. డ్రైవర్ నా వైపు వంగి మెల్లగా అన్నాడు.

"మీరేం మాట్లాడకున్రి సార్. మీరు నోరు దెరిస్తే ఏడికెల్లి వచ్చిన్రో తెలిసిపోతది."

నేను తలూపాను. అతను బ్రేకు తొక్కాడు. అంతే, లారీ గొంతెత్తింది. ఆగకుండా హారన్. దానికి తోడు హెడ్‌లైట్లు వెలుగుతూ ఆరుతూ, వైపర్లు అటూ ఇటూ ఊగుతూ. చౌరస్తాలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి వెనక్కి తిరిగారు. మా పని అయిపోయిందనుకున్నాను.

ముందు వరసలో ఉన్న ఒక కుర్రాడు చేతులు పైకెత్తి అరిచాడు. "గట్ల గొట్టు అన్నా! డ్రైవరన్న మనోడే!"

చప్పట్లు మోగాయి. ఎవరో బానెట్ మీద గులాబీరంగు గులాల్ చల్లారు. ఎవరో ఫుట్‌బోర్డు ఎక్కి డ్రైవర్ మెడలో కండువా వేశారు. ఇంకొకరు నా మెడలోనూ వేసి, "జై తెలంగాణ అనున్రి అన్నా" అన్నారు. నేను అన్నాను. "ఇనబడ్తలేదు సార్, జోర్గ అనున్రి" అన్నాడు పక్కనుంచి మా డ్రైవర్. జోరుగా అన్నాను. మరో రెండుసార్లు అనిపించుకుని, జనం పక్కకు జరిగి మాకు దారిచ్చారు. మా వెనక ఆగిన బండ్లు మాత్రం ఆగినచోటే ఉండిపోయాయి.

బోడుప్పల్ దాటాక అడిగాను, "అన్నా, నీకు నిజంగా రాష్ట్రం కావాలా?"

"ఎందుకొద్దు సార్? తెలంగాణ గావాలె. గని లోడు గూడ దించాలె గద" అన్నాడు.

ఈ కథంతా ఓనర్‌కి చెప్పి, బండి బాగుచేయించాలన్నాను. ఆయన "ఇప్పుడే ఏమీ ముట్టుకోకండి. ఈ బందులూ అవీ అయిపోయాక చూద్దాం" అన్నాడు. లోపం ఇంతగా కలిసొచ్చిన బండిని నేను మళ్లీ చూడలేదు.

అది ఎన్నాళ్లో కలిసిరాలేదు. పది రోజుల తర్వాత, నాచారంలోనే ఒక సన్నటి రోడ్డులో మాకు ఎదురుగా శవయాత్ర వచ్చింది. ఆ రోజు కూడా నేను బండిలోనే ఉన్నాను. డ్రైవర్ మర్యాదగా బండిని పక్కకు తీసి ఆపాడు. ఆపడమంటే బ్రేకు తొక్కడమే కదా. హారన్ మొదలైంది. కాలు తీస్తే ఏటవాలు రోడ్డు మీద బండి పాడె వైపు జారింది. మళ్లీ తొక్కాడు. హ్యాండ్‌బ్రేకు లాగి తాళంచెవి తీసేశాడు. అయినా మోత ఆగలేదు. డప్పులవాళ్లు కొట్టడం మానేశారు. ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి మావైపు చూశారు. పాడె మోస్తున్నవాళ్లు నడిరోడ్డు మీద నిలబడిపోయారు.

డ్రైవర్ చెప్పులు బండిలోనే విడిచి కిందకి దూకాడు. రెండు చేతులూ జోడించి, "తప్పయింది, బండి ఖరాబైంది, కావాలని జేసింది గాదు" అని కనపడ్డ ప్రతివాళ్లకీ చెబుతూ పాడె దగ్గరికి వెళ్లాడు. ఇంగ్లీషు వచ్చిన నేను చెవులు మూసుకుని క్యాబిన్‌లో కూర్చున్నాను. ఏ స్విచ్చు నొక్కాలో తెలియక అన్నీ నొక్కాను. వైపర్లు కూడా మొదలయ్యాయి.

చివరికి పాడె మోస్తున్నవాళ్లలో ఒకతను తన భుజం కింది కర్రని మా డ్రైవర్‌కి అందించి, లారీ దగ్గరికొచ్చి, బ్యాటరీ వైరు ఒక్క గుంజు గుంజాడు. వీధంతా నిశ్శబ్దం. అతను కిటికీలోంచి నన్ను చూసి, "నేను బండ్ల ఎలక్ట్రీషియన్‌నే. ఉప్పల్ల డిపో దిక్కు దుకాణం. రేపు పొద్దుగాల పట్టుకరాన్రి. గింత ఖరాబైన బండి రోడ్డు మీదికి తేవొద్దు సార్" అన్నాడు. మా డ్రైవర్ మాత్రం ముక్కూమొహం తెలియని ఆ చనిపోయిన మనిషిని శ్మశానం దాకా మోసి, గంటన్నర తర్వాత వచ్చాడు. బండిలోంచి చెప్పులు తీసి తొడుక్కున్నాడు.

మర్నాడు ఓనర్‌ని అడగకుండానే బండిని ఉప్పల్ తీసుకెళ్లాం. ఎలక్ట్రీషియన్ బ్యాటరీ వైరు విప్పి, ఎడమవైపు డాష్‌బోర్డు కిందకి తలదూర్చి, నాలుగు స్క్రూలు తీసి, మూడు ప్లగ్గులు ఊడబీకి, నల్ల డబ్బాని బయటికి తెచ్చాడు. వంచితే అందులోంచి నీళ్లు కారాయి. లోపలి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ఇది పోయింది. మార్సుడే" అన్నాడు. తర్వాత మావైపు వింతగా చూశాడు. "గిండ్ల నీళ్లెట్ల వడ్డయి? వానల్లేవు గద."

డ్రైవర్ నావైపు చూశాడు. చూసి, నేల మీద పడ్డ స్క్రూలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆఫీసుకి వచ్చి సొరుగు తాళం తీశాను. నేను నాలుగు పేజీలు చదివానని చెప్పాను కదా. ఐదో పేజీలో ఉంది. క్యాబిన్ లోపల నీళ్లు పోయరాదని. పక్కనే బొమ్మ కూడా వేశారు, నీళ్ల పైపు, దాని మీద పెద్ద కొట్టివేత గుర్తు. ఇంగ్లీషు అక్షరం ముక్క రానివాడికి కూడా అర్థమయ్యే బొమ్మ. నోటీసు చింపి జేబులో పెట్టుకున్నాను.

కొత్త డబ్బా ఎక్కడా దొరకలేదు. పాత సామాన్ల వాళ్ల దగ్గర అదే రకం లారీ ఒకటి తుక్కుగా పడి ఉందని తెలిసి, దాని డబ్బాని ఎలక్ట్రీషియన్ విప్పి తెచ్చి బిగించాడు. లైట్లు వెలిగాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ ఇండికేటరే వెలిగింది. ముగ్గురం సంబరపడ్డాం. డ్రైవర్ తాళం తిప్పాడు. ఇంజన్ ఉలకలేదు, పలకలేదు.

ఎలక్ట్రీషియన్ తల గోక్కున్నాడు. "డబ్బ మంచిగనే ఉన్నది. గని ఇది వేరే బండిది గద. మీ తాళంచెవిని గుర్తువడ్తలేదు. దొంగ తాళం అనుకుంటున్నది. బండి కంపెనీ మనిషి లాప్‌టాప్ వట్టుకొచ్చి జెప్తేనే ఇంటది."

రెండు రోజుల తర్వాత ఆ కంపెనీ మనిషి వచ్చాడు. నేను కాగితాలన్నీ ఫైల్లో వరసగా పెట్టుకుని, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. అతను లాప్‌టాప్‌కి ఒక తీగ తగిలించి, చాసిస్ నంబరు అడిగి, ఏవో మీటలు నొక్కి, "స్టార్ట్ జెయ్ అన్నా" అన్నాడు డ్రైవర్‌తో. అయింది. నాతో మాట్లాడాల్సిన అవసరమే అతనికి పడలేదు.

డ్రైవర్ కళ్లు మూసుకుని బ్రేకు తొక్కాడు. వెనక ఎర్రలైటు వెలిగింది. ఏ చప్పుడూ లేదు. అతను మరో మూడుసార్లు తొక్కి చూసుకుని, కిందకి దిగి ఎలక్ట్రీషియన్ భుజం తట్టాడు.

ఆ సాయంత్రం ఓనర్ మమ్మల్నిద్దర్నీ పిలిచాడు. శవయాత్ర గొడవ అప్పటికే ఆయన చెవిన పడింది. అసలు ఆ డబ్బా ఎందుకు పాడైందని అడిగాడు. చెప్పేద్దామనే అనుకున్నాను, ఆ మాట ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. కానీ డ్రైవర్ ముందే అందుకున్నాడు.

"వాన నీళ్లు వోయినయ్ సార్."

అది ఏప్రిల్ నెల. కిటికీ అవతల సిమెంటు రోడ్డు సెగలు కక్కుతోంది. ఏసీ గదిలోంచి బయటికి రాని ఓనర్ "అలాగా" అని తలూపి, ఇంత త్వరగా బాగుచేయించినందుకు నన్ను మెచ్చుకున్నాడు. నేను వినయంగా తలవంచి ఆ మెప్పు తీసుకున్నాను.

మెట్లు దిగుతుంటే అడిగాను, "అలా ఎందుకు చెప్పావన్నా?"

"మీ పేరు జెప్తే మీ నౌకరి వోతది. వాన పేరు జెప్తే వానకేం వోతది సార్?" అన్నాడు. రెండు మెట్లు దిగి ఆగి, వెనక్కి తిరిగాడు. "గని నేను ఒద్దన్న రోజు మీరు ఇనకపోతిరి."

"నిజమే" అన్నాను. క్షమించమని అడగడం ఆ రోజుల్లో నాకు ఏ భాషలోనూ అంత బాగా వచ్చేది కాదు. గేటు బయట టీ కొట్టు దగ్గర రెండు చాయ్‌లు చెప్పాను. అతను తాగుతూ, రేపు పొద్దున సరుకు ఎన్నింటికి ఎక్కించాలని అడిగాడు.