టేబుల్ కింద నాన్న

ఒక తండ్రి డైనింగ్ టేబుల్ కింద కూర్చుని కూతురి ఆశని నాశనం చేయగలడా అని మీకు సందేహం ఉంటే నన్ను చూడండి. చేయగలడు. మోకాళ్లు పట్టేసేలా కష్టపడి మరీ చేయగలడు.

మాది అమెరికాలో ప్లేనో. మా అమ్మాయి శ్రావ్య హైస్కూల్లో టెన్నిస్ బాగా ఆడేది. ఇక్కడ కాలేజీ టీమ్‌లో చోటు కావాలంటే పిల్లలే కోచ్‌లకి ఈమెయిల్స్ రాసుకోవాలి, తమ ఆట వీడియోలు పంపుకోవాలి. కోచ్‌కి నచ్చితే అడ్మిషన్ దగ్గర కూడా ఓ మాట సాయం చేస్తారు. పిల్లలే రాయాలన్న ముక్క నాకు మహా అన్యాయంగా తోచింది. అందుకని శ్రావ్య పేరుతో నేనే రాశాను. "గౌరవనీయులైన కోచ్ గారికి" అని మొదలుపెట్టి "తగు చర్య తీసుకోగలరు" అని ముగించేవాణ్ని. చదివితే కరెంటాఫీసుకి పెట్టుకున్న అర్జీలా ఉండేది.

చాలామంది జవాబివ్వలేదు. శ్రావ్య మనసు పడ్డ కాలేజీ కోచ్ మాత్రం ఇచ్చింది. ఆట నచ్చిందట. టీమ్‌లో ఒక్క చోటే మిగిలిందట. "ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడదాం. నువ్వూ నేనూ మాత్రమే" అని రాసింది.

"మాత్రమే" నాకు అర్థం కాలేదనుకుంటున్నారా? శుభ్రంగా అర్థమైంది. కానీ అమెరికాలో నా మొదటి ఉద్యోగం ఎలా వచ్చిందో మీకు తెలీదు. ఫోన్ ఇంటర్వ్యూలో నా రూమ్మేట్ పక్కన కూర్చుని జవాబులు రాసి చూపిస్తే నేను గడగడా చదివేశాను. మా గదిలో అందరం అలాగే గట్టెక్కాం. పనిచేసిన పద్ధతిని ఎందుకు వదులుకోవాలి?

"నాన్నా, నేనే మాట్లాడతా. ప్లీజ్. ఐ కెన్ డూ దిస్."

"నువ్వే మాట్లాడమ్మా. నేను జస్ట్ సపోర్ట్."

"దట్స్ చీటింగ్ కదా?"

"ప్రిపరేషన్ అంటారు దాన్ని."

"పిల్లని వదిలెయ్యండి, దానికీ నోరుంది కదా!" అని వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. మా ఇంట్లో సరైన మాట ఎప్పుడూ వంటింట్లోంచే వస్తుంది, నేనెప్పుడూ వినను.

ఆదివారం శ్రావ్య లాప్‌టాప్ ముందు కూర్చుంది. టేబుల్ కింద నేను, చేతిలో చిన్న వైట్ బోర్డు. నేను రాసి తన ఒళ్లో పెడితే, తల వంచి చదవాలన్నమాట.

"మా కాలేజీయే ఎందుకు?" అని అడిగింది కోచ్.

శ్రావ్య తల వంచింది. "మీది చాలా ప్రతిష్ఠాత్మకమైన సంస్థ కనుక."

"ఖాళీ ఉంటే ఏం చేస్తావు?"

మళ్లీ తల వంచింది. "గణితం."

పిల్ల ఖాళీ ఉంటే కేకులు చేస్తుంది. ఆ సంగతి రాయడం నాకు చిన్నతనంగా అనిపించింది.

"మ్యాచ్ ఓడిపోయిన రోజు, ఇంటికెళ్తూ కార్లో ఏం ఆలోచిస్తావు?"

"నా తప్పులు విశ్లేషించుకుంటాను" అని చకచకా రాసి పెట్టాను. శ్రావ్య తల వంచలేదు. బోర్డుతో మోకాలి మీద తట్టాను. ఊహూఁ.

"ఏమీ ఆలోచించను. నాన్న మాట్లాడతారు. ఇల్లొచ్చేదాకా. ఇల్లొచ్చాక కూడా," అంది.

కోచ్ ఇంకో ప్రశ్న వేసింది.

"మీ నాన్నగారు ఇప్పుడెక్కడున్నారు?"

"టేబుల్ కింద."

భూమి చీలి అందులోకి పోతే బాగుణ్ణనిపించింది. సగం దూరం అప్పటికే వెళ్లి ఉన్నాను కూడా. లేవబోయి టేబుల్‌కి తల కొట్టుకుని, పైకొచ్చి, కెమెరాకి చెయ్యూపి, "హలో కోచ్!" అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "నిజం చెప్పినందుకు థాంక్యూ" అని శ్రావ్యతోనే అని, కాల్ ముగించింది.

కొన్నాళ్లకి జవాబొచ్చింది. ఆ చోటు ఇంకో అమ్మాయికి ఇచ్చారట. "నాకు మీ నాన్నగారు బాగా తెలిశారు. నువ్వు తెలిసే అవకాశమే దొరకలేదు" అని రాసింది.

శ్రావ్య ఏడవలేదు. రాకెట్ తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టేసింది. ఏడ్చినా బాగుండేది. మీకు నవ్వుతూ చెబుతున్నాను గానీ, గరాజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ రాకెట్ వైపు చూడకుండా కారెక్కేస్తాను.

మొన్న ఒకరింట్లో, తలో వంటా పట్టుకెళ్లే పొట్లక్‌కి వెళ్తే ఒకావిడ అడిగింది. "శ్రావ్యా, టెన్నిస్ ఎందుకు మానేశావమ్మా? ఎంత బాగా ఆడేదానివి!"

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. గుర్తొచ్చి మూసుకున్నాను. శ్రావ్య నావైపు తిరిగింది.

"సారీ ఆంటీ, ఇది నాన్నే చెప్పాలి."

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట మా అమ్మాయిని ఎవరేమడిగినా నేను జవాబు చెప్పను. ఆ ఒక్క ప్రశ్నకి తప్ప. దానికి మాత్రం ఎవరైనా టేబుల్ కింద కూర్చుని జవాబు రాసి చూపిస్తే బాగుండును.