పోశవ్వ ఇంటి ఫొటో

బొగ్గుగనుల వాళ్ళుండే సెంటినరీ కాలనీకి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరి బడికి నేను పంతులుగా వెళ్ళిన మొదటిరోజే పోశవ్వ నన్ను దారిలో ఆపేసింది. ఏ ఊరు, ఎవరి కొడుకువి, సంచిలో ఏముంది అని ఆరా తీసింది. టిఫిన్ డబ్బా మూత తీసి చూపించేదాకా కదలనివ్వలేదు. పోలియో చుక్కల వాళ్ళకైనా, జనాభా లెక్కల వాళ్ళకైనా ఆమె దగ్గర ఇదే మర్యాద. కోళ్ళెన్ని అంటే చెప్పదు, పేరేమిటంటే ఎందుకంటుంది. రేషన్ కార్డు వాళ్ళకూ వివరాలు చెప్పలేదు. అందుకే ఆమె పేరు కొడుకు ముత్యం కార్డులోనే ఉండిపోయింది.

ఇదంతా ఉత్త చాదస్తమని అప్పట్లో నేను నవ్వుకునేవాణ్ణి. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆమె చిన్నప్పుడు అమ్మగారి ఊరికి నలుగురు మనుషులు వచ్చి, చెట్లు లెక్కపెట్టుకుని, ఇళ్ళు కొలుచుకుని, ఇచ్చిన చల్ల తాగి వెళ్ళారట. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ ఊరు బొగ్గుగనిలో కలిసిపోయింది. ఇక ఆమెకంటూ మిగిలింది పెనిమిటి సదయ్య కట్టిన రెండు గదుల పెంకుటిల్లు. సదయ్య బొగ్గుబాయిలో పనిచేసి చేసి ఊపిరాడని దమ్ము జబ్బుతో పోయాడు. కూతురూ పోయాక, మనవరాలు రమను తెచ్చుకుని ఆ ఇంట్లోనే పెంచింది. ముత్యం ఇల్లు పక్కనే ఉన్నా, కొడుకు వాకిట్లో పడి ఉండనని, తన తలుపు తనకుండాలని ఆమె పంతం.

2009లో హైదరాబాదు నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు మా బడికి ముప్పై లాప్‌టాప్‌లు ఇచ్చారు. పేద దేశాల బడిపిల్లల కోసమే తక్కువ ఖర్చుతో చేయించినవట. ఆకుపచ్చా తెలుపూ రంగులు, పలక కన్నా కాస్త మందం, పట్టుకోవడానికి పిడి, రబ్బరు మీటలు, తెర పక్కన చిన్న కెమెరా. పిల్లలు వాటిని ఇంటికి తీసుకుపోవాలన్నది వాళ్ళ నియమం. నాకైతే ఆనందంతో కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు ప్రార్థన కాకముందే పోశవ్వ బడికి వచ్చింది.

"సారూ, మన పోరగాండ్లకు గింత మంచి వస్తువ ఊకెనే ఎవడిస్తడు?" అని అడిగింది.

దేశం, చదువు, భవిష్యత్తు అంటూ ఏదో చెప్పాను. ఆమెకు ఆ జవాబుతో నమ్మకం కుదరలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అంతగా కుదరలేదు. ఆ సాయంత్రం నుంచి రమ ఇంట్లో చదువుకుంటున్నంతసేపూ కెమెరా మీద తడిగుడ్డ కప్పి ఉండేది.

మొదటి పాఠంగా పిల్లలను ఎవరి ఇంటి ఫొటో వాళ్ళు తీసుకురమ్మన్నాను. నేలను పైనుంచే తవ్వుకుపోయే కొత్త ఓపెన్‌కాస్టు గని మన ఊరి మీదికే వస్తుందని అప్పటికే గుసగుసలు. పోశవ్వ అగ్గి మీద గుగ్గిలమైంది. పెద్దవాళ్ళు కొలవనివ్వరని పిల్లల చేత కొలిపిస్తున్నారంది. ఫొటోలో ఇల్లు పోతే ఇల్లే పోతుందని వాడవాడలా తిరిగి చెప్పింది. రమ చేత తన నెత్తి మీద చెయ్యి పెట్టించి, అప్పటికే తీసిన ఫొటో తుడిచేస్తానని ఒట్టు వేయించుకుంది.

నాలుగో తరగతి పిల్ల, ఏం చెయ్యాలో తోచక లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఇళ్ళ ఫొటోలు సంస్థవాళ్ళకు పంపుతానని నేను అప్పటికే గొప్పగా చెప్పి ఉన్నాను. ఒకటి తగ్గితే నామోషీ. ఒక ముసలామె అనుమానానికి నేనెందుకు లొంగాలని ఒళ్ళు మండింది.

"తుడిచేసిన అని చెప్పు, అయిపాయె," అన్నాను.

రమ అలాగే చెప్పింది. పోశవ్వ మారు మాట్లాడకుండా నమ్మింది.

రెండేళ్ళకు గని నోటీసు రానే వచ్చింది. ఆ వానాకాలం వారం రోజులు ముసురు పట్టి, పోశవ్వ ఇల్లు గోడలతో సహా కూలింది. అమ్మమ్మా మనవరాలూ ముత్యం అరుగు మీదికి చేరారు. సర్వే వాళ్ళు సరిగ్గా అప్పుడే దిగారు; ఊరి పంతులునని నన్నూ వెంట రమ్మన్నారు. ఇల్లు పోయే ప్రతి కుటుంబానికీ కొత్త కాలనీలో జాగా ఇస్తారు. కానీ నిలబడి ఉన్న ఇళ్ళనే రాసుకుంటున్నారు. పోశవ్వ ఇంటి చోట మట్టికుప్ప ఉంది, కార్డు చూస్తే కొడుకు పేరున ఉంది. విడిగా ఇల్లుండేదని ఏదైనా ఆధారం చూపించమ్మా అని సర్వే ఉద్యోగి మర్యాదగానే అడిగాడు. వాడకట్టు వాళ్ళు సాక్ష్యం చెప్పబోతే, ఒకరికొకరు అందరూ చెప్పుకుంటారు కదా అన్నాడు. పోశవ్వ పగిలిన పెంకుల మీద కూలబడింది. పుట్టిన ఊరు పోయినా, ఈ ఊరూ పోతోందన్నా ఏడవని మనిషి, ఇక కొడుకు ఇంట్లో మూలకు పడి ఉండాలి కదా అని ఏడ్చింది.

రమ లోపలికి పోయి లాప్‌టాప్ తెచ్చింది. మీటలు సగం ఊడిపోయాయి, వైరు పెడితే తప్ప వెలగదు. ముత్యం ఇంటి గోడకున్న ప్లగ్గులో వైరు పెట్టి ఫొటో తెరిచింది. పెంకుటిల్లు, నీలం తలుపు, గడపలో కూర్చుని బియ్యం చెరుగుతున్న పోశవ్వ. తీసిన తారీఖు కూడా ఉంది. ఉద్యోగి ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, పోశవ్వ పేరున వేరే నంబరు వేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు రమ వీపు తట్టారు.

పోశవ్వ మాత్రం మనవరాలినే చూస్తూ ఉంది.

"నా నెత్తి మీద చెయ్యి పెట్టినవ్ గదనే," అంది.

రమ ఒక్కసారి నావైపు చూసి తల దించుకుంది. నా పేరు చెప్పలేదు.

నేను వెళ్ళబోతుంటే పోశవ్వ బండి దాకా వచ్చింది.

"జాగ దొరికింది సారూ. గానీ ఇగ నేనెవల మాట నమ్మాలె?"

అరుగు మీద రమ వెక్కి వెక్కి ఏడుస్తోంది. చెప్పమన్నది నేనేనని ఒక్క మాట అంటే చాలు. పిల్లలన్నాక అబద్ధాలాడతారు, మనసులో పెట్టుకోకు పోశవ్వా అని చెప్పి, బండి స్టార్ట్ చేశాను.