ఇలోలి అంటే ఏమిటి?

ప్రసూతి ఆసుపత్రి పై అంతస్తు వార్డుకి ఆయమ్మ ఒక్కతే. పక్కబట్టలు మార్చడం, పసిగుడ్డుల్ని తుడిచి మెత్తటి బట్టలో చుట్టడం, కంగారుపడుతూ పైకి ఎగబాకే మొగుళ్లని మెట్ల దగ్గరే ఆపేయడం ఆమె పనులు. ఇవన్నీ జీతానికి చేసేది. జీతం లేకుండా చేసే పని ఇంకొకటి ఉండేది. అది తన పేరుకి అర్థం చెప్పడం.

ఆమె పేరు ఇలోలి. ఆ పేరున్న మనిషి మరొకరు ఉన్నట్టు ఎవరూ విని ఎరగరు. చొక్కాకి గుచ్చుకున్న బిళ్ల మీద ఆ మూడక్షరాలు చూడగానే, నొప్పులకి పళ్లు బిగబట్టుకున్న మనిషి కూడా ఒక్క క్షణం ఆగి, "అదేం పేరు ఆయమ్మా? అర్థమేంటి?" అని అడిగేది. అసలు సంగతేమిటంటే ఆమెకీ తెలియదు. తెలియదు అనేస్తే అవతలి మనిషి ధ్యాస మళ్లీ నొప్పుల మీదకే పోతుందాయె. అందుకని డాక్టరమ్మ మనిషిని చూసి మందు మార్చినట్టు, ఆయమ్మ మనిషిని చూసి అర్థం మార్చేది. పిరికిదైతే, "ఇలోలి అంటే సింహాన్ని చెవి పట్టుకుని కూర్చోబెట్టే పిల్ల" అనేది. ఏడుపు ఆపనిదైతే, "వాన వెలిశాక చూరు నుంచి జారే ఆఖరి చుక్క" అనేది. అత్తగారితో పోట్లాడి వచ్చినదైతే, "ఎవరి మాటా వినని మహారాణి. పాత భాషలో మాట" అనేది. ఏ పాత భాష అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఆ గదిలో అంత తీరిక ఎవరికుంది?

మందు పనిచేసింది. కాస్త ఎక్కువే పనిచేసింది. ఇంటికెళ్లిన తల్లులు కూతుళ్లకి ఆ పేరే పెట్టుకోవడం మొదలుపెట్టారు. వీధి చివరి బడిలో పంతులమ్మ "ఇలోలీ" అని కేకేస్తే సింహం పిల్లా, ఆఖరి చుక్కా, మహారాణీ ఒక్కసారే లేచి నిలబడేవారు. ఆ ముచ్చట విన్న రోజున ఆయమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు. ఒక్కటే లోటు. ఊళ్లో ఇన్ని ఇళ్లల్లో పలికే పేరు తన ఇంట్లో తన తర్వాత పలికే దారి లేదు. ఉన్నది ఒక్కడే కొడుకు. అందుకే కోడలు నెల తప్పిన నాటి నుంచీ మనవరాలు పుట్టాలని, దానికి తన పేరు పెట్టాలని ఆశ పెట్టుకుంది.

కోడలు కళ్లద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పని చేసేది. వెంట్రుకవాసి తేడా వచ్చినా మళ్లీ మొదటికొచ్చే మనిషి.

"పేరు బాగానే ఉంది అత్తయ్యా," అంది. "కానీ మా కొట్టుకొచ్చిన ముగ్గురు తల్లులు మూడు అర్థాలు చెప్పారు. ఏదో ఒకటి తేల్చండి. ఆడపిల్ల పుడితే అదే పెడతా. తేలకపోతే మా అమ్మ అనుకున్న పేరు."

"మీ అమ్మ అనుకున్న పేరా! వీధిలోకి రాయి విసిరితే ఆ పేరున్న నలుగురికి తగులుతుందే!"

"తగిలితే తగలనీ. నలుగురికీ అర్థం ఒక్కటే."

ఆయమ్మ దగ్గర దీనికి మందు లేదు.

ఇక మిగిలింది పేరు పెట్టిన మనిషి. ఆమె తండ్రి, గొడుగులు బాగుచేసే పెద్దాయన, ఆ ఇంటి వరండాలోనే ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. చిన్నప్పుడు ఎప్పుడడిగినా ఊచ వంగిందనో, దారం తెగిందనో మాట దాటేసేవాడు. ఈసారి ఆయమ్మ ఆయన చేతిలోని గొడుగు లాక్కుంది.

"చెప్పు నాన్నా. నీ మునిమనవరాలి పేరు నీ నోట్లోనే ఉంది."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. దాక్కునేందుకు గొడుగు లేదు.

"మేక," అన్నాడు.

"ఏంటీ?"

"మేకేనే. మా ఇంట్లో ఉండేది. నేను పసివాడిగా ఉన్నప్పుడు మా అమ్మ మంచాన పడితే దాని పాలే తాగి బతికాను. మాటలు సరిగా రాని రోజుల్లో దాన్ని నేనే అలా పిలిచేవాణ్ణి. అంతకంటే ముద్దొచ్చే పేరు నాకు తెలీదు, నీకు పెట్టాను. మీ అమ్మేమో ఏదో పెద్ద మాట అనుకుంది. అనుకోనీలే అని ఊరుకున్నా."

ఆయమ్మ గోడకి జారగిలబడింది. "ఊళ్లోవాళ్ల పిల్లలందరికీ మేక పేరు అంటగట్టానా! ఆ తల్లులకి తెలిస్తే నన్ను బతకనిస్తారా?"

"మేకకేం తక్కువే?"

"నువ్వుండు. కోడలు అడిగితే వెన్నెల అని చెప్పు. ఏదీ, అను."

"వెన్నెల."

"మళ్లీ అను."

"వెన్నెల. కొమ్ములుండే వెన్నెల."

"నాన్నా!"

ఆడపిల్లే పుట్టింది. ఆయమ్మే తుడిచి, చుట్టి, కోడలి పక్కన పడుకోబెట్టింది. మధ్యాహ్నానికి పెద్దాయన మెట్లన్నీ ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. కోడలు ఆయన్ని కుర్చీలో కూర్చోనిచ్చి, "తాతయ్యా, ఇలోలి అంటే ఏంటి?" అంది.

ఆయమ్మ మామగారిని చూసిన కొత్త కోడలిలా మంచం వెనక నక్కి, కప్పు మీది ట్యూబులైటు కేసి వేలు చూపించింది.

"వెన్నెల," అన్నాడు పెద్దాయన, పాఠం అప్పజెప్పినట్టు.

"నిజంగా?"

"నిజంగా అయితే మేక."

వార్డు వార్డంతా చెవులు రిక్కించింది. ఆయమ్మ మొహం చేతిలోని పక్కబట్టలో దాచుకుంది. కోడలు మాత్రం తల వంచి, అద్దం అంచు చూసినట్టు ఆయన మొహంలోకి చూసింది.

"మళ్లీ చెప్పండి."

"మేకమ్మా. నల్లది. ఒక చెవి తెల్లన. నన్ను పెంచిన తల్లి."

కోడలికి నవ్వు పొంగుకొచ్చింది. కుట్లు లాగి "అమ్మో" అంది, అయినా నవ్వు ఆగలేదు. "అత్తయ్యా, ఆ బట్ట తీయండి. రెండుసార్లడిగినా ఒకే జవాబు రావడం మీ ఇంట్లో ఇదే మొదటిసారి. పేరు ఖాయం."

ఆయమ్మ ఆనందపడే లోపే పక్క మంచం బాలింత మోచేతి మీద లేచింది.

"ఏం ఆయమ్మా, పొద్దున నాకు ముత్యం అని చెప్పావే! మా పిల్లకి కూడా అదే అనుకున్నా."

"ముత్యం లాంటి మేకమ్మా," అంది ఆయమ్మ గొంతు తగ్గించి.

బాలింత ఆలోచనలో పడింది. పెద్దాయన వైపు తిరిగి, "తాతా, అది సాధువా?" అని అడిగింది.

"నా దగ్గర సాధువే. జోలికొస్తే మాత్రం పొడిచేది."

"అయితే ఉంచేస్తా," అంది బాలింత వెనక్కి వాలుతూ. "మా అత్తగారింట్లో పనికొస్తుంది."