మీటరక్క, తిరిగే స్టాండు

ఆ బట్టల కొట్లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మీటరక్కే. బట్ట తాను విప్పి, దాని అంచుని ఎడమ భుజానికి ఆనించి, కుడి చెయ్యి బారజాపితే అది సరిగ్గా మీటరు. కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మకం లేక కొలబద్ద పెట్టి చూపించమనేవాళ్ళు. పెట్టి చూపిస్తే నవ్వేసి, "ఇంకో మూడు మీటర్లు చింపండక్కా" అనేవాళ్ళు.

బట్టలు మడతపెట్టే పనికి చేరి పందొమ్మిదేళ్ళయింది. మడతల నుంచి కత్తెర దగ్గరికి, కత్తెర నుంచి బేరం దగ్గరికి ఎవరూ నేర్పకుండానే ఎదిగింది. గోడల వెంట పైకప్పు దాకా చెక్క అరలు ఉండేవి. ఏ అరలో ఏ తాను ఉందో, దానిలో ఎన్ని మీటర్లు మిగిలిందో కరెంటు పోయినా చెప్పగలిగేది. నిచ్చెన ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకసారి నాలుగో మెట్టు మీద నుంచి జారి, కుడి మోకాలు వాచి వారం రోజులు మంచం మీదే ఉంది. ఎనిమిదో రోజున కుంటుకుంటూ వచ్చి మళ్ళీ అదే నిచ్చెన ఎక్కింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఆయనకు ఏం చెప్పినా "చూద్దాం" అంటాడు. అత్తగారికి చెవుడు. మీటరక్క సాయంత్రం ఇంటికొచ్చి, కూరగాయలు తరుగుతూ కొట్లో జరిగినదంతా అత్తగారికే చెప్పుకునేది. ఆవిడ ఒక్క ముక్క వినపడకపోయినా కోడలి మొహం చూస్తూ, సరిగ్గా కోపం రావలసిన చోట "అయ్యో, ఇదేం అన్యాయమే తల్లీ!" అనేది. తన మాట శ్రద్ధగా వినేది లోకం మొత్తానికి ఆవిడొక్కతే అని మీటరక్కకు గట్టి నమ్మకం.

కొట్టు పెట్టిన పెద్దాయన ఓపిక తగ్గి రావడం మానేశాక, ఆయన కోడలు వచ్చి కూర్చుంది. అందరూ ఆమెను మేడమ్ అనేవారు. మంచి మనిషి. గర్వం లేదు, తన బల్ల తనే తుడుచుకునేది. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎదుటివాళ్ళు నోరు తెరవగానే "నాకు తెలుసక్కా, నాకు తెలుసు" అనేది. ఆ తర్వాత ఆ మాట ఇక లోపలికి వెళ్ళేది కాదు.

"అక్కా, ఇక మీరు నిచ్చెన ఎక్కక్కర్లేదు," అంది ఒకరోజు మేడమ్ మొహమంతా నవ్వుతో. "మీ మోకాళ్ళ కోసమే తెప్పించాను."

నలుగురు మనుషులు మోసుకొచ్చి కొట్టు మధ్యలో బిగించిన ఆ వస్తువు అచ్చం రంకులరాట్నంలా ఉంది. మనిషి నిలువు మీద ఇంకో అడుగు ఎత్తు. అటొక ఇనుప చక్రం, ఇటొక ఇనుప చక్రం, రెంటికీ మధ్య పన్నెండు కడ్డీలు. ఒక్కో కడ్డీకి ఒక్కో తాను గుచ్చాలి. పక్కనున్న పిడి పట్టుకుని తిప్పితే తాన్లన్నీ గుండ్రంగా తిరుగుతాయి. కావలసిన బట్ట నడుము ఎత్తుకు రాగానే ఆపి, లాగి కత్తిరించుకోవడమే.

మీటరక్క పిడి పట్టుకుని ఒక చుట్టు తిప్పి చూసింది. నిజంగానే సంతోషం వేసింది. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉంది.

మేడమ్ తాన్లను రంగుల వరుసలో గుచ్చింది. తెలుపు, గంధం, లేత గులాబి, అలా ముదురుతూ ముదురుతూ ఎరుపు, నేరేడు, నలుపు. ఫొటోలు తీసి అందరికీ పంపింది. లేత రంగులన్నీ లైనింగులు, పలచటి నూలు బట్టలు. ముదురు రంగులన్నీ మఖమలు, కర్టెన్ల గుడ్డ, కోటు బట్ట. ఒక్కో తాను ఎత్తాలంటే నడుం పట్టేస్తుంది. అంటే బరువంతా ఒకవైపే. పిడి వదలగానే రాట్నం గిర్రున తిరిగి, నలుపూ ఎరుపూ కిందికి దిగి, తెలుపూ గంధమూ నెత్తి మీదికి వెళ్ళి కూర్చునేవి.

"మేడమ్, వీటిని బరువు చూసి గుచ్చాలండి. ఇటొక బరువుది పెడితే, దానికి ఎదురుగా అటొక..."

"నాకు తెలుసక్కా. రెండు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది."

అది సర్దుకోలేదు. కదలకుండా పట్టి ఉంచడానికి పక్కన ఒక ప్లాస్టిక్ కొక్కెం ఉండేది. నాలుగో రోజున అది పటుక్కున విరిగింది. ఇక ఎవరు లైనింగు అడిగినా, ఒక చేత్తో పిడి బిగించి పట్టుకుని ఇంకో చేత్తో బట్ట లాగాలి. కత్తిరించాలంటే మూడో చెయ్యి కావాలి. అది దేవుడు ఇవ్వలేదు. కొన్నాళ్ళు పిడిని భుజంతో అదిమి పట్టింది. కొన్నాళ్ళు మోకాలితో ఆనించింది. ఆ మోకాళ్ళ కోసమే కదా ఇది వచ్చింది! ఆఖరికి వెనక గదిలో పడేసిన నిచ్చెన తీసుకొచ్చి, నెత్తి మీద కూర్చున్న తెల్ల లైనింగును ఎక్కి కత్తిరించింది.

మేడమ్ అది చూసింది. "మళ్ళీ నిచ్చెనెందుకక్కా? కొత్తది అలవాటు చేసుకోరు కదా మీరు!"

మీటరక్కకు ఒళ్ళు మండిపోయింది. కత్తిరించిన లైనింగు చంకన పెట్టుకుని నిచ్చెన దిగింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, మీ ఫోను మాకు చాలా ముఖ్యం అని ఒక గొంతు చెప్పి పాట వేసేది. పాట అయ్యాక మళ్ళీ అదే గొంతు, మళ్ళీ అదే ముఖ్యం. మూడు వారాలకు ఒకాయన సంచీ తగిలించుకుని వచ్చాడు. మీటరక్క ఆయనకు మొదటి నుంచీ చెప్పింది. కొక్కెం విరిగిందనీ, బరువంతా ఒకవైపు ఉందనీ, చెయ్యి వదిలితే చాలు తిరిగిపోతోందనీ. ఆయన అన్నిటికీ తలూపి, సంచీలోంచి నూనె డబ్బా తీసి ఇరుసుకు రెండు వైపులా పోసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు చూడండమ్మా, ఎంత తేలిగ్గా తిరుగుతోందో!"

"తేలిగ్గా తిరగడమే కదయ్యా నా బాధ! నాకు అది ఆగాలి."

"ఆగడం నా పని కాదండీ. దానికి వేరే మనిషి వస్తాడు," అని వెళ్ళిపోయాడు. ఆ వేరే మనిషి ఎన్నటికీ రాలేదు. నూనె పోసిన దగ్గర్నుంచి రాట్నం మునుపటికంటే రెట్టింపు జోరుగా తిరిగేది.

ఇంట్లో భర్తకు చెప్పింది. "చూద్దాం," అన్నాడు. అత్తగారికి చెప్పింది. "అయ్యో, ఇదేం అన్యాయమే తల్లీ!" అంది ఆవిడ.

ఇక వేరే దారి లేక కొనడానికి వచ్చినవాళ్ళ చేతే పిడి పట్టించడం మొదలుపెట్టింది. "కాస్త ఇది పట్టుకోండమ్మా, వదలకండి" అంటే పాపం వాళ్ళూ పట్టుకునేవాళ్ళు. ఒకరోజు ఒకావిడ అలా పట్టుకుని ఉండగా ఆవిడ ఫోను మోగింది. ఆవిడ రెండు చేతులూ వదిలేసి సంచీలో ఫోను వెతుక్కుంది. మఖమలు తాను దబ్బున కిందికి దిగింది. దాని వెనకాలే పైనుంచి వచ్చిన కడ్డీ మీటరక్క కుడి మణికట్టు మీద పడింది.

ఎముక విరగలేదన్నాడు డాక్టరు. నరం బెణికింది, మూడు వారాలు కట్టు విప్పకూడదన్నాడు. మేడమే ఆటోలో తీసుకెళ్ళింది, మందులు కొనిచ్చింది, ఇంటి గుమ్మం దాకా దిగబెట్టింది. అంతా చేసి, దిగేటప్పుడు ఒక మాట అంది.

"కొనేవాళ్ళ చేత పట్టించడమేంటక్కా? కొంచెం చూసుకోవాలి కదా."

మణికట్టు కంటే ఆ మాట ఎక్కువ సలిపింది. ఆ రాత్రి అన్నం ఎడమ చేత్తో కెలికి వదిలేసింది.

రెండు రోజులు పోయాక మీటరక్క కట్టుతోనే వచ్చి బిల్లుల బల్ల దగ్గర కూర్చుంది. రాట్నం దగ్గర మేడమ్ నిలబడింది. మొదటి రెండు రోజులు గిరాకీ పలచగా ఉంది. మూడో రోజు పొద్దున్నే కుట్టు పని నేర్పే టీచరమ్మ ఒక పొడుగాటి చీటీతో వచ్చింది. ఆరు రకాల లైనింగులు, ఒక్కోటి రెండున్నర మీటర్లు. ఆరూ లేత రంగులే!

మేడమ్ పిడి తిప్పి తెలుపును కిందికి దింపింది. పట్టుకుని బట్ట లాగింది. కత్తెర కోసం చెయ్యి చాపగానే రాట్నం కదిలింది. గబుక్కున వెనక్కి వచ్చి రెండు చేతులతో పిడి పట్టుకుంది.

"అక్కా, కొంచెం రండి!"

మీటరక్క వచ్చి ఎడమ చేత్తో కత్తెర పట్టింది. బట్ట వంకరటింకరగా తెగింది. టీచరమ్మ మొహం చిట్లించింది. అలా ఒక్కో రంగుకీ ఒక కుస్తీ. అయిదో రంగు దగ్గరికి వచ్చేసరికి మేడమ్ నుదుటి మీద చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

సరిగ్గా అప్పుడే బల్ల మీద కొట్టు ఫోను మోగింది. మీటరక్క ఎత్తి, ఆమెకు వినపడేలా స్పీకరు పెట్టింది.

"నమస్కారం మేడమ్! మీరు కొన్న తిరిగే స్టాండుకు ఒకటి నుంచి అయిదు దాకా ఎన్ని మార్కులు ఇస్తారు?" అంది ఫోనులోని అమ్మాయి కులాసాగా.

"మార్కులా?" మేడమ్ పిడి మీదకు వాలిపోయి అరిచింది. "ముందొచ్చి దీన్ని పట్టుకోమ్మా, తర్వాత ఇస్తాను మార్కులు!"

టీచరమ్మ పకపకా నవ్వింది. మిగతా రెండు రంగులు సాయంత్రం తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది. మేడమ్ పిడి వదిలేసింది. రాట్నం గిర్రున తిరిగి ఆగింది. ఆమె స్టూలు మీద కూలబడి, ఆయాసపడుతూ మీటరక్క వైపు తిరిగింది.

"ఇంత కష్టంగా ఉందని ముందే ఎందుకు చెప్పలేదక్కా?"

మీటరక్క ఫోను కట్టేసి బల్ల మీద పెట్టింది. తర్వాత మొదలుపెట్టింది.

"చెప్పలేదా? నేను చెప్పలేదా? అది వచ్చిన మధ్యాహ్నమే చెప్పాను. కొక్కెం విరిగిన రోజు చెప్పాను. నూనె పోసి పోయిన మర్నాడు చెప్పాను. చీటీ మీద రాసి మీ బల్ల మీద పెట్టాను, దాని మీద టీ కప్పు పెట్టుకున్నారు. నేను నోరు తెరిస్తే చాలు, నాకు తెలుసక్కా అంటారు. తెలిస్తే మరి నా చెయ్యి ఇలా ఎందుకయింది? పందొమ్మిదేళ్ళు మేడమ్! ఈ కొట్లో ఏ గుడ్డ ఎంత బరువో నా చేతులకు తెలుసు. గోడకు చెప్పుకున్నా ఈపాటికి పగులైనా ఇచ్చేది!"

ఆమె గొంతు ఇంత పెద్దదని మేడమ్‌కే కాదు, ఆమెకూ అప్పటిదాకా తెలియదు. అన్నం డబ్బా సంచీలో పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంటికి వెళ్ళిపోయింది. పందొమ్మిదేళ్ళలో అలా వెళ్ళడం అదే మొదటిసారి. దారి పొడుగునా ఇంకా చెప్పాల్సినవి గుర్తొస్తూనే ఉన్నాయి.

మర్నాడు కొట్టుకు వెళ్ళలేదు. ఉద్యోగం పోయిందనే అనుకుంది. సాయంత్రం మేడమ్ ఒక్కతే వచ్చి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అత్తగారు కొత్త మనిషి మొహాన్ని పరీక్షగా చూస్తోంది.

"ఏం చెయ్యాలో చెప్పండక్కా," అంది మేడమ్. "నేను మాట్లాడను."

మీటరక్క చెప్పింది. తాన్లన్నీ దించాలి. తూకం వెయ్యాలి. బరువుకు బరువు ఎదురెదురుగా గుచ్చాలి, రంగులు ఎలా వస్తే అలా. చక్రానికి ఇనుప గొళ్ళెం బిగించాలి. మేడమ్ రెండుసార్లు ఏదో అనబోయి పెదవి కొరుక్కుంది. గుమ్మంలో నిలబడి విన్న భర్త మాత్రం ఈసారి చూద్దాం అనలేదు.

"గొళ్ళెం పనైతే రేపు సెలవు పెట్టి వస్తాను," అన్నాడు. మీటరక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. ఇన్ని నెలలూ ఇంట్లో కూర్చుని చెబితే కదలని మనిషి, కుర్చీలో మేడమ్ కూర్చునేసరికి కదిలాడు! దానికీ కోపం వచ్చింది కానీ అప్పటికి దాచుకుంది.

మర్నాడు కొట్టు మూసి, ముగ్గురూ ఆ పని పట్టారు. పక్క కొట్టు కాటా అడిగి తెచ్చుకున్నారు. మీటరక్క ఒక్కో తాను ఎంత ఉంటుందో ముందే చెబుతుంటే మేడమ్ కాటా మీద చూసుకుంది. పన్నెండింటిలో పది సరిపోయాయి. భర్త చక్రం అంచున పన్నెండు రంధ్రాలు వేసి, స్టాండు స్తంభానికి తలుపు గొళ్ళెం లాంటిది అతికించాడు. కావలసిన చోట ఆపి గొళ్ళెం తోస్తే, ఇద్దరు మనుషులు వేలాడినా రాట్నం కదలలేదు. నలుపు పక్కన గులాబి, దాని పక్కన కోటు బట్ట. చూపుకు గందరగోళంగానే ఉంది. మేడమ్ ఈసారి ఫొటో తీయలేదు.

కట్టు విప్పాక మీటరక్క మళ్ళీ తన చోటికి వచ్చింది. మణికట్టు మునుపటిలా లేదు. చలిపూట పొద్దున్నే కత్తెర పట్టుకుంటే లాగేది. వచ్చిన వాళ్ళకు మేడమ్ గొళ్ళెం చూపించి "మేమే పెట్టించాం" అంటుంటే, ఆ 'మేమే'లో తనెంత ఉందా అని ఆమెకు ఇంకా చిర్రెత్తుకొచ్చేది.

వానలు మొదలవబోయే ముందు ఒకరోజు మేడమ్ నాలుగు పలకలు తెచ్చి బల్ల మీద పరిచింది. కొట్టు నేలకు కొత్తవి వేయించాలట. నున్నగా, అద్దంలా మెరిసేది ఆమెకు నచ్చింది.

"ఇది ఎలా ఉందక్కా?"

మీటరక్క దాని మీద మంచినీళ్ళు రెండు చుక్కలు వేసి వేలితో రాసింది. "వద్దు. తడి కాళ్ళతో వచ్చినవాళ్ళు బోర్లా పడతారు."

"కానీ వెలుగు ఎంత బాగా..." అని మేడమ్ ఆగింది. పావుగంట వాదించింది. మొహం ముడుచుకుంది. ఒకసారి పొరపాటున "నాకు తెలు..." దాకా వచ్చింది. చివరికి మెరిసే పలకను విసురుగా పక్కకు తోసి, గరుకుగా ఉన్న బూడిద రంగుదే తెప్పించాలని రాసుకుంది.

మీటరక్క కత్తెర అందుకుంది. టీచరమ్మ గుమ్మంలోకి వస్తోంది, చేతిలో మళ్ళీ పొడుగాటి చీటీ.